తూటా ఏది, గుండు ఏది?

సందేహం: అమెరికా సైన్యం ఎం60 మెషిన్‌గన్‌లో వాడిన 7.62 తూటాలను గుర్తించడం, భద్రపరచడం గురించి వ్యాసం రాస్తున్నాను. ‘తూటా కొనకు నారింజ రంగుంటే అది ట్రేసర్ (వెలుగుతూ పోయి దారి చూపే రకం), తూటా అడుగున తయారైన ఏడాది ఉంటుంది, తూటాకు నూనె రాయరాదు, తుప్పు పట్టిన తూటాలనూ, వాటిని పట్టీగా కలిపే లింకులనూ వేరుచేయాలి’ అని రాస్తే, తూటా అంటే బుల్లెట్ మాత్రమేనని మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. ఎవరిది ఒప్పు?

సమాధానం: చాలావరకు మీదే ఒప్పు. మన ‘తూటా’కు హిందీ ‘టోటా’, కన్నడ ‘తోటా’, తమిళ ‘తోట్టా’ చుట్టాలు. ఇవన్నీ తుపాకి మందునూ గుండునూ కలిపి కట్టిన వస్తువునే చెబుతాయి. హిందీ మాటకు ‘ముక్క’ అనే అర్థమూ ఉన్నది కనుక, ఒక్కసారి పేల్చడానికి సరిపడే ముక్క అన్న భావంతో ఈ పేరు పుట్టి ఉంటుందని నా ఊహ. పూర్వం తుపాకి గొట్టంలో మందు వేరుగా పోసి, గుండు వేరుగా జారవిడిచి, కడ్డీతో కూరేవారు. ‘మందుగుండు’ అనే ద్వంద్వసమాసం ఆ పద్ధతినే గుర్తుచేస్తుంది. ఆ రెంటినీ కొలత ప్రకారం కాగితంలో చుట్టిన పొట్లం తూటా. 1857లో సిపాయిలు ఆవు కొవ్వూ పంది కొవ్వూ పూశారన్న అనుమానంతో నోట పెట్టడానికి నిరాకరించినది ఈ పొట్లాన్నే. పంటితో కొరికి చింపవలసినది కాగితాన్ని. సీసపు గుండును కొరకమని ఎవరూ అడగలేదు.

కాగితం పోయి ఇత్తడి వచ్చినా అర్థం మారలేదు. 7.62×51 అన్న పేరులో మొదటి అంకె తుపాకి గొట్టపు లోవ్యాసం, రెండవది ఇత్తడి గొట్టం పొడవు, రెండూ మిల్లీమీటర్లలో. గుండుతో కలిపి దాదాపు 71 మిల్లీమీటర్లుండే మొత్తమే తూటా. ‘ఛాతీలో తూటా దిగింది’ అని రాసిన పత్రికే ఆ వార్తలోనే ‘ఖాళీ తూటాలు దొరికాయి’ అని రాస్తున్నది. తూటా అంటే గుండే అయితే అది ఖాళీ కావడమెట్లా? విలేఖరులు ఒక్క నిమిషం ఆలోచిస్తే ఈ చిక్కు రాదు. వాడుకలో స్థిరపడింది కనుక మొదటి ప్రయోగాన్ని లక్షణార్థంగా కథల్లో సహించవచ్చునేమో గాని, ఆయుధాల గురించి వివరించే రచనలో ఒప్పుకోలేను.

బుల్లెట్‌ను ‘గుండు’ అంటే చాలు. ఆ మాటకు బోడితల, తూకపు రాయి వంటి అర్థాలున్నా ఇక్కడ చిక్కేమీ లేదు.

ఇక మీ వాక్యాలు. నారింజ రంగు పూసేది గుండు కొనకు. కవచాన్ని ఛేదించే రకానికి నలుపు, మామూలు గుండుకు రంగుండదు. వలయంలో శిలువ వంటి నాటో గుర్తు, అమెరికాలోని లేక్ సిటీ తూటాల కర్మాగారపు ‘ఎల్‌సీ’ అక్షరాలు, ఏడాది చివరి రెండంకెలు ఉండేది ఇత్తడి గొట్టం అడుగున. నూనె విషయంలో మాత్రం ‘తూటా’ అనడమే సరి, ఎందుకంటే నూనె ప్రైమర్ (అడుగున ఉండి మందును అంటించే చిన్న మూత) అంచుల గుండా లోపలికి దిగి తూటాను పేలకుండా చేయగలదు, పైన దుమ్మునూ పట్టి ఉంచుతుంది. పెట్టెను ఎండలో వదిలితే పాడయ్యేది మందు. అక్కడ ఆ మాటే వాడండి. ‘తుప్పు పట్టిన తూటా’ను కూడా దిద్దుకోండి: ఉక్కు లింకులకు పట్టేది తుప్పు, ఇత్తడికి పట్టేది చిలుము.