సుల్తాన్ ఖాబూస్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. భాష బాగుంది, ఎక్కడా తడబడలేదు. కానీ మూడో పేరాకొచ్చేసరికే మిగతాదంతా ఎలా ఉంటుందో నాకు తెలిసిపోయింది. 1970కి ముందు ఒమన్ అంతా చీకటి, ఆ ఏడు జులై 23న తండ్రిని దించి కొడుకు ఖాబూస్ గద్దెనెక్కాడు, తెల్లారింది. దేశం మొత్తానికి మూడు బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు, రాత్రి మస్కట్ కోట తలుపులు మూశాక చేతిలో లాంతరు లేకుండా తిరగకూడదు, ఇవన్నీ నిజమే, తీసెయ్యమనను. కాకపోతే ఈ వరస ఒమన్ ప్రభుత్వం తన గురించి తాను చెప్పుకునే వరస. అదే మళ్ళీ చెప్పడానికి నువ్వెందుకు?

ముందు తండ్రి దగ్గర ఆగు. సయీద్ బిన్ తైమూర్‌ని రెండు వాక్యాల్లో పిసినారి, మొండివాడు అని తేల్చేసి వెళ్ళిపోయావు. ఆయన మన అజ్మీర్‌లో మేయో కాలేజీలో చదివాడు, ప్రపంచం తెలియని మనిషేం కాదు. ఆయన తండ్రి తైమూర్ గద్దె వదులుకుని వెళ్ళిపోయి చివరికి బొంబాయిలో పోయాడు. 1932లో సయీద్ చేతికొచ్చిన ఖజానాలో ఉన్నవి అప్పులే. అప్పిచ్చిన వర్తకుల ముందూ, వాళ్ళ వెనకున్న బ్రిటిష్ వాళ్ళ ముందూ తలొంచుకునే రాజ్యాన్ని చూసి పెరిగినవాడు కాబట్టి, 1967లో చమురు ఎగుమతి మొదలై డబ్బు వస్తున్నా ఆ చెయ్యి విచ్చుకోలేదు. పైగా చదువుకున్నవాడు తిరగబడతాడన్న భయం ఒకటి. ఇంగ్లండులో శాండ్‌హర్‌స్ట్‌లో సైనిక శిక్షణ పొంది, బ్రిటిష్ రెజిమెంటుతో జర్మనీలో పనిచేసి వచ్చిన ఒక్కగానొక్క కొడుకుని దక్షిణాన సలాలా పట్నంలో కదలనివ్వకుండా కూర్చోబెట్టింది ఆ భయమే. ఈ మనిషిని అర్థం చేసుకోకుండా కొడుకు గురించి రాస్తే అది పొగడ్త పద్యంలా ఉంటుంది, చరిత్రలా ఉండదు.

గద్దె మార్పు కూడా నువ్వు రాసినంత సాఫీగా జరగలేదు. వెనక బ్రిటిష్ వాళ్ళున్నారు. గొడవలో సయీద్ తన పిస్తోలుతో తన కాలికే కాల్చుకున్నాడు. వాళ్ళ విమానంలోనే దేశం దాటించారు, 1972లో పోయేదాకా లండన్‌లో డార్చెస్టర్ హోటల్లో బతికాడు. (ఈ ముక్క వదిలేశావంటే నాకు ఆశ్చర్యంగా ఉంది, ఏ రచయితయినా ఎగిరి పట్టుకుంటాడు.)

ఇక అసలు లోటు ధోఫార్, ఒమన్ దక్షిణ కొసనున్న ప్రాంతం. నీ వ్యాసంలో అది ఒక్క లైను, "తిరుగుబాటును అణచివేశారు" అని. నా లెక్కలో మొత్తం కథకి ఇరుసు అదే. 1965లో మొదలైన ఆ యుద్ధం ఖాబూస్ వచ్చేసరికి కొండ ప్రాంతాన్ని దాదాపు మింగేసింది. తిరుగుబాటుదారులు మార్క్సిస్టులు, వెనక దక్షిణ యెమెన్ ఉంది. వాళ్ళు సరిహద్దు అవతల బడులు పెట్టి ఆడపిల్లలకి కూడా చదువు చెప్పారు. అంటే ఆధునికత అక్కడికి సుల్తాన్ కంటే ముందే, ఆయన శత్రువుల చేతుల మీదుగా వచ్చింది. ఖాబూస్ తెలివి ఎక్కడుందంటే, ఆ పోటీని ఒప్పుకోవడంలో. లొంగిపోయినవాళ్ళకి క్షమాభిక్ష పెట్టి, వాళ్ళనే ఫిర్కాలుగా, అంటే స్థానిక దళాలుగా కట్టి పాత సహచరుల మీదికి పంపాడు. సైన్యం ఒక చోటు పట్టుకోగానే అక్కడ బోరు వేసేవాళ్ళు, ఆ నీటి చుట్టూ బడి, వైద్యశాల, మసీదు లేచేవి. పశువుల్ని నమ్ముకున్న కొండజనానికి ఆ నీళ్ళు ఏ ఉపన్యాసం కంటే ఎక్కువ పనిచేశాయి. ఇంతా చేసి బ్రిటిష్ ప్రత్యేక దళాలు, ఇరాన్ షా సైనికులు, జోర్డాన్ సాయం కలిస్తేగానీ 1975 డిసెంబర్లో గెలిచామని ప్రకటించలేకపోయారు. కాబట్టి ఆ తొలి రోడ్లనీ బడులనీ కేవలం రాజుగారి దయగా రాయకు. అవి యుద్ధంలో ఆయుధాలు కూడా. ఆ తర్వాత నిజంగానే దేశాన్ని మార్చాయి, అది వేరే సంగతి. 2010లో ఐక్యరాజ్యసమితి మానవాభివృద్ధి నివేదిక, నలభై ఏళ్ళలో అందరికంటే ఎక్కువ మెరుగుపడిన దేశం ఒమనేనంది.

1986లో విశ్వవిద్యాలయం, 1985లో సింఫనీ ఆర్కెస్ట్రా, 2011లో ఒపెరా హౌసు, వీటన్నిటికీ కలిపి నాలుగు లైన్లు చాలు. నువ్వు పేజీన్నర ఇచ్చావు. ఆ ఒపెరా హౌసు తెరిచిన 2011లోనే ఉత్తరాన ఓడరేవు పట్నం సోహార్‌లో జనం ఉద్యోగాల కోసం రోడ్డెక్కారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. సుల్తాన్ మంత్రుల్ని మార్చాడు, 50,000 ఉద్యోగాలిస్తామన్నాడు. అయినా ప్రధాని, రక్షణ, విదేశాంగం, ఆర్థికం అన్నీ ఆయన పేరు మీదే ఉండిపోయాయి. ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టు చాలు, నీ వ్యాఖ్యానం అక్కర్లేదు.

మీ చిన్నమ్మ మస్కట్‌లో ఇంటిపని చేసి వచ్చిందని ఫోన్లో చెప్పావు, వ్యాసంలో మాత్రం ఆవిడ జాడ లేదు. ఖాబూస్ కాలంలో వచ్చిన 2003 కార్మిక చట్టం ఇంటిపనివాళ్ళని లెక్కలోకే తీసుకోలేదు. ఆధునిక రాజ్యం ఎవరి దాకా వచ్చి ఆగిందో చూపించడానికి అంతకంటే దగ్గరి సాక్షి నీకు దొరకదు. వెళ్ళి కూర్చుని అడుగు, జీతం ఎంత, పాస్‌పోర్టు ఎవరి దగ్గరుండేది, సెలవు దొరికేదా అని. ఆవిడ సుల్తాన్‌ని మెచ్చుకున్నా మెచ్చుకున్నట్టే రాయి, నీకు నచ్చేలా దిద్దకు.

ముగింపులో 2020 జనవరి 10న ఖాబూస్ పోతే జనం ఏడ్చారని రాశావు. ఏడ్చిన మాట నిజమే, కానీ దాని కంటే వారసుడి పేరు రాసిపెట్టిన ఆ కవరు గురించి రాయి. ఖాబూస్‌కి పిల్లల్లేరు, యాభై ఏళ్ళలో ఎవరినీ యువరాజుగా ప్రకటించలేదు. కొడుకు చేతిలో తండ్రి గద్దె ఎలా పోతుందో స్వయంగా చూపించినవాడు వారసుడి పేరుని కవర్లో పెట్టి సీలు వేయడంలో వింతేముందనిపిస్తుంది నాకు. అది విప్పితే ఆయన పినతండ్రి కొడుకు హైతమ్ పేరుంది. ఏడాది తిరగ్గానే హైతమ్ చేసిన పనుల్లో ఒకటి, యువరాజు పదవిని చట్టంలో పెట్టడం.

ధోఫార్ భాగం ముందు రాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. పేర్లూ తేదీలూ రెండేసి చోట్ల సరిచూసుకో.

మీ అన్నయ్య