మైనస్ 600 చూసి టెన్షన్ పడకండి

జెట్టీ పైల్ (పడవల రేవుని మోసే కాంక్రీటు స్తంభం) నీళ్లలో మునిగిన చోట కాపర్ సల్ఫేట్ హాఫ్ సెల్ రీడింగ్, అంటే లోపలి ఉక్కు కడ్డీకి తుప్పు పట్టే అవకాశం ఎంతో చెప్పే వోల్టేజీ, మైనస్ 600 మిల్లీవోల్టులు వచ్చింది, పైల్ పోయినట్టేనా అని అడిగారు కదండీ, ఆ ఒక్క అంకెతో అలా తేల్చేయకండి. మైనస్ 350 దాటితే తుప్పుకి 90 శాతం అవకాశం అన్న లెక్క గాలి తగిలే కాంక్రీటుకి. ఎప్పుడూ నానుతూ ఉండే చోట ఆక్సిజన్ అందదు కాబట్టి రీడింగ్ బాగా కిందికి పోతుంది, తుప్పు మాత్రం చాలా నెమ్మదిగా సాగుతుంది. నాకు అసలు భయం అలలు కొట్టే చోటే. అక్కడ దగ్గరదగ్గరగా కొలిచి, రీడింగ్ ఎక్కడ ఒక్కసారిగా పడిపోతోందో చూడండి. కొలిచే ముందు మీటరు వైరు తగిలించే కడ్డీని మెరిసేదాకా గీకండి, హాఫ్ సెల్ కొనన ఉండే స్పాంజి తడి ఆరనివ్వకండి. తర్వాత తుప్పు ఎంత వేగంగా సాగుతోందో కొలిచే ఎల్‌పీఆర్ (లీనియర్ పోలరైజేషన్ రెసిస్టెన్స్) పరీక్ష చేయించండి, చదరపు సెంటీమీటరుకి 1 మైక్రోయాంపియర్ వస్తే ఏడాదికి దాదాపు 11.6 మైక్రాన్ల ఉక్కు పోతున్నట్టు.