చెన్నై వంటింటికి ఏ సముద్రపు ఉప్పు కొనాలి?

వంటకు ఏ సముద్రపు ఉప్పు మంచిది, భోజనంలో పైనుంచి చల్లుకోవడానికి ఏది పెట్టుకోవాలి అని అడిగారు. అడయారులో కొత్తగా కాపురం పెట్టామనీ, కొన్న రాళ్ల ఉప్పు కొద్దిరోజులకే నీరు కారుతోందనీ రాశారు. చాలా ఏళ్లుగా చెన్నైలో వండుతున్నదాన్ని కాబట్టి సూటిగా చెబుతాను. వంటకు అయోడిన్ కలిపిన, తడి లేని రాళ్ల ఉప్పు, భోజనాల బల్ల మీదకు అయోడిన్ కలిపిన మెత్తటి ఉప్పు. అంతకు మించి డబ్బు పోయనక్కర్లేదు.

ముందు ఆ నీరు కారడం సంగతి చూద్దాం. ఉప్పు మంచిచెడ్డలు అక్కడే బయటపడతాయి. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి, కానీ అదంతా మనం తినే ఉప్పు కాదు. సముద్రపు నీరు కట్టి ఉప్పు పండించే మడిలో నీరు ఇగిరేకొద్దీ ముందు జిప్సం అనే వేరే లవణం అడుగున పేరుకుంటుంది. ఆ తరువాత మన ఉప్పు గడ్డకడుతుంది. చివరికి మెగ్నీషియం లవణాలతో చిక్కబడిన చేదునీరు మిగులుతుంది. పని తెలిసినవారు ఆ చేదునీటిని బయటికి వదిలేసి, ఉప్పును గట్టు మీద కుప్పపోసి, ఉన్న కాస్త చేదునీరూ కారిపోయేదాకా ఉంచుతారు. తొందరపడి మూటకట్టిన ఉప్పులో ఆ మెగ్నీషియం అంటుకునే ఉంటుంది. స్వచ్ఛమైన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితేనే చెమ్మగిల్లుతుంది. మెగ్నీషియం క్లోరైడుకు 33 శాతం చాలు. చెన్నై గాలిలో తేమ 75 దాటే రోజులకు కొదవ లేదు కాబట్టి ఇక్కడ ఏ ఉప్పయినా కొంత తడుస్తుంది. అయితే మూత గట్టిగా పెట్టిన సీసాలో కూడా నీరూరుతోందంటే ఆ ఉప్పును సరిగా కడగలేదని, చేదునీరు కారనివ్వలేదని నేను అనుకుంటాను.

కొత్త రకం కొన్నప్పుడు నేను ఒక గల్లు నాలుక మీద వేసుకుంటాను. శుభ్రమైన ఉప్పదనం తగిలి పోవాలి, వెనకాల చేదు మిగలకూడదు. తరువాత గాజు గ్లాసు నీళ్లలో చెంచాడు కరిగించి కాసేపు కదపకుండా ఉంచుతాను. అడుగున ఇసుక, మట్టి తేరుకుంటే మళ్లీ ఆ రకం జోలికి పోను. ధర, బొమ్మ, పేరు చూసి తెలుసుకోలేనిది ఈ రెండు పరీక్షలతో తెలుస్తుంది.

పుదుచ్చేరి వైపు ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వెళ్లినప్పుడు మరక్కానం దగ్గర ఉప్పు మడులు కనిపిస్తాయి. వీలైతే ఆగి చూడండి. మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర, అక్కడి నౌపడ ఉప్పు మడులు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి నాకు ఆ తెల్లని కుప్పలంటే ప్రాణం. మండుటెండలో ఉప్పునీటిలో నిలబడి చేసే ఆ పనికి మనం కిలోకిచ్చే ధర ఏ మూలకూ చాలదు. ఈశాన్య రుతుపవనాల వానలు పడితే ఆ పని కూడా ఆగిపోతుంది. అయినా అక్కడ దొరికే ముడి ఉప్పును మాత్రం నేను వంటకు వాడను. చేపలు రుద్ది కడగడానికి వాడతాను, అంతే. కారణం అయోడిన్.

సముద్రం నుంచి వచ్చింది కాబట్టి అయోడిన్ ఉండే ఉంటుందని చాలామంది నమ్ముతారు. మడిలో ఎండిన ఉప్పులో అది లెక్కకు రానంత తక్కువ, విడిగా కలపాల్సిందే. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, ఆయన సహచరులు 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మొదలుపెట్టిన అధ్యయనం అయోడిన్ కలిపిన ఉప్పుతో గళగండం, అంటే అయోడిన్ చాలక మెడ దగ్గర వచ్చే వాపు, తగ్గుతుందని చూపించింది. మా జిల్లా మనిషి చేసిన పని అని చెప్పుకోవడం నాకు గర్వం. 2006 నుంచి మనుషులు నేరుగా తినడానికి అయోడిన్ లేని ఉప్పు అమ్మకూడదన్న నిబంధన దేశమంతటా ఉంది. దుకాణానికి చేరిన ఉప్పులో పదిలక్షల భాగాలకు కనీసం 15 భాగాల అయోడిన్ ఉండాలి. రాళ్ల ఉప్పులోనూ అయోడిన్ కలిపిన రకం ఇక్కడ సులువుగా దొరుకుతుంది, సంచి మీద చూసి తీసుకోండి. అయోడిన్ ఉంటే ఇడ్లీ పిండి పులవదని ఎవరైనా అంటే భయపడకండి. మా ఇంట్లో ఆ ఉప్పుతోనే రుబ్బుతాం, చక్కగా పొంగుతుంది.

గులాబీ రంగు ఉప్పు అసలు సముద్రానిదే కాదు, పాకిస్తాన్‌లోని ఖేవ్రా గనుల నుంచి వచ్చే రాతి ఉప్పు. అందులోని ఖనిజాల కోసం డబ్బు పెట్టడం దండగ. మనం రోజుకు తినాల్సిన కొద్దిపాటి ఉప్పులో అవి చాలా తక్కువ. ఫ్రాన్సులోని గెరాండ్‌లో మడి పైన తేలే పలుచని పొరను తీసి అమ్మే ఉప్పు మాత్రం నోట్లో కరకరలాడే తీరు వల్ల బాగుంటుంది. కోసిన మామిడికాయ ముక్క మీదో, దోసకాయ ముక్క మీదో చల్లుకోవడానికి ఎవరైనా తెచ్చిస్తే సంతోషంగా తీసుకోండి. సాంబారులో వేస్తే నీళ్లలో పోసినట్లే.

వాడకంలో ఒక జాగ్రత్త. రాళ్ల ఉప్పు మధ్య ఖాళీలుంటాయి కాబట్టి ఒకే చెంచాకు మెత్తటి ఉప్పు ఎక్కువ తూగుతుంది. పప్పు, పులుసు, రసంలో రాళ్ల ఉప్పు, వేపుళ్లకూ మజ్జిగకూ మెత్తనిది వాడండి. ఒకదాని బదులు మరొకటి వేసేటప్పుడు చెంచా లెక్క నమ్మకుండా రుచి చూసి వేయండి. వీలైనచోట చివర్లో వేస్తే అయోడిన్ కూడా తక్కువ పోతుంది.

నిల్వకు పింగాణీ జాడీ లేదా గాజు సీసా, పొయ్యికి దూరంగా, చెక్క గరిటెతో. స్టీలు డబ్బా వద్దు, ఉప్పు దాన్ని తినేస్తుంది. ఆవకాయ పెట్టేముందు రాళ్ల ఉప్పును ఎండలో పెట్టి, చేత్తో తీస్తే గలగలమనేదాకా ఎండిన తరువాతే దంచండి. తడి ఉప్పు వేస్తే బూజు పట్టే ప్రమాదం ఉంది.

పెద్దవారి కోసం సోడియం తక్కువ ఉన్న ఉప్పు కొనాలనుకుంటే మాత్రం డాక్టరును అడగకుండా కొనకండి. అందులో పొటాషియం క్లోరైడు కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవారికీ, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవారికీ అది ప్రమాదం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పే చెబుతోంది. పచ్చళ్లు, అప్పడాలు, కొన్న చిరుతిళ్లలోని ఉప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కాబట్టి బల్ల మీద పెట్టే సీసా చిన్నదిగానే కొనండి.