అమ్మకున్న జబ్బు నాకూ వస్తుందా? – సమాధానం

అమ్మకు స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం వంటి లక్షణాలుండే తీవ్రమైన మానసిక జబ్బు) ఉంది, నాకూ వస్తుందేమోనని పెళ్లి మాట ఎత్తితేనే టెన్షన్‌గా ఉంటోంది అని రాశారు. ముందు లెక్క చూడండి. మామూలుగా ఈ జబ్బు నూటికి ఒకరికి కూడా రాదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లల్లో నూటికి సుమారు 10 మందికి వస్తుంది. ఎక్కువే, కాదనను. కానీ మిగతా 90 మందికి రాదన్న సంగతి బంధువులెవరూ మీకు చెప్పి ఉండరు.

ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు ఒకటే. అయినా ఒకరికి ఈ జబ్బు వస్తే రెండోవారికి వచ్చేది సగం కేసుల్లో కూడా కాదు. అంతా జన్యువుల్లోనే ఉంటే ఇలా జరగదు కదా! పైగా దీనికి కారణం ఒక్క జన్యువు కాదు. వందల మార్పులు కలిసి తలా కొంచెం ప్రమాదాన్ని పెంచుతాయి. అందుకే వస్తుందో రాదో తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు. అలాంటి ప్యాకేజీలకు డబ్బు తగలేయకండి.

గంజాయి జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. ఇంట్లో ఈ జబ్బు ఉన్నవాళ్లకు అది నిజంగా ప్రమాదం. ఎవరూ లేకుండా మాటలు వినిపించినా, అందరూ నా గురించే అనుకుంటున్నారని గట్టిగా అనిపించినా ఆలస్యం చేయకుండా సైకియాట్రిస్టును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

పెళ్లి మానుకోవాల్సిన పని లేదండీ.