సమాధానం: మీటర్ స్క్రీన్ ఆరిపోతే మొత్తం క్లస్టర్ మార్చాలా?

మీ కారు మీటర్‌లో ముళ్లు తిరుగుతున్నాయి, వార్నింగ్ లైట్లు వెలుగుతున్నాయి, మధ్యలో స్క్రీన్ మాత్రం నల్లగా ఉంది, క్లస్టర్ (స్టీరింగ్ ముందుండే మీటర్ల పెట్టె) మొత్తం మార్చాలన్నారు అని రాశారు. దయచేసి అప్పుడే ఒప్పుకోకండి. ముళ్లు పనిచేస్తున్నాయంటే బోర్డుకి కరెంటు అందుతున్నట్టే. ఫ్యూజు మీద పెద్దగా అనుమానం అక్కర్లేదు.

చీకట్లో ఇగ్నిషన్ ఆన్ చేసి, టార్చి లైటును స్క్రీన్ మీద ఏటవాలుగా వేసి చూడండి. అంకెలు మసగ్గా కనిపిస్తే పోయింది బ్యాక్‌లైట్ (స్క్రీన్ వెనక వెలిగే లైటు) ఒక్కటే. సాధారణంగా దాని ఎల్‌ఈడీలో, వాటి సర్క్యూటో పోయి ఉంటుంది. స్క్రీన్ మీది అంకెల్లో నిలువు వరసలు మాయమవుతూ, బండి వేడెక్కినప్పుడు తేడా చూపిస్తుంటే చాలావరకు రిబ్బన్ కేబుల్ (స్క్రీన్‌ని బోర్డుకి కలిపే పల్చటి పట్టీ) అతుకు ఊడుతున్నట్టే. దాన్ని మామూలు సోల్డరింగ్ ఐరన్‌తో ముట్టుకోవద్దు, కేబుల్ కాలిపోతుంది. క్లస్టర్ రిపేర్ చేసేవాళ్ల దగ్గర ఆ కేబుల్‌ని వేడితో నొక్కి అతికించే మెషీన్ ఉంటుంది.

విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. ముళ్లు పీకొద్దు, తీయక తప్పకపోతే అవి ఆగిన చోటు ముందే ఫోటో తీసుకోండి, లేదంటే స్పీడు తప్పు చూపిస్తుంది.

సెకండ్‌హ్యాండ్ క్లస్టర్ చవక అనిపిస్తుంది గానీ, చాలా కార్లలో కిలోమీటర్ల లెక్క అందులోనే ఉంటుంది. కొన్నిట్లో ఇమ్మొబిలైజర్ (సొంత తాళం లేకుండా బండి స్టార్ట్ కానివ్వని ఏర్పాటు) కూడా దానితోనే ముడిపడి ఉంటుంది, అప్పుడు బండి స్టార్టే అవ్వదు. అదే పార్ట్ నంబరు ఉన్నది దొరికితే స్క్రీన్ మాత్రమే మీ బోర్డుకి మార్పించండి. కిలోమీటర్ల రీడింగ్ మీ కారుదే ఉంటుంది. వారంటీ ఇంకా ఉంటే మాత్రం సీలు విప్పకండి.