మీట మనిషి నొక్కితే చాలా?

ప్రశ్న: మానవరహిత ఆయుధం లక్ష్యాన్ని తనే వెతికినా, కాల్చమనే ఆఖరి అనుమతి మనిషిదే అంటున్నారు. ఇక అభ్యంతరం దేనికి?

జవాబు: అనుమతి ఇచ్చే మనిషికి ఎంత వ్యవధి ఉంది, ఏం కనిపిస్తోంది, వద్దనే అధికారం ఉందా అన్నవి తేలకుండా ఆ మాటకు విలువ లేదు. 2003 మార్చి 23న అమెరికాకు చెందిన పేట్రియట్ (గాల్లో వచ్చే విమానాలను, క్షిపణులను కూల్చే వ్యవస్థ) దళం, కువైట్‌లోని స్థావరానికి తిరిగొస్తున్న బ్రిటన్ టోర్నడో విమానాన్ని కూల్చింది. అందులోని ఇద్దరూ చనిపోయారు. కాల్చింది మనుషులే. కానీ ఆ విమానం దిగుతున్న తీరు చూసి, రాడార్ల మీదికి దూసుకొచ్చే క్షిపణిగా వ్యవస్థ ముద్ర వేసింది. క్షిపణిని గుర్తించే కొలతలు అంత వదులుగా పెట్టారు. మనవాళ్లా కాదా అని తేల్చే ఐఎఫ్ఎఫ్ సంకేతం పని చేయలేదు. పై కమాండ్ కేంద్రంతో సరైన సమాచార సంబంధాలు లేవు. సిబ్బందికి మిగిలింది దాదాపు ఒక్క నిమిషం. అంత కొద్ది సేపట్లో ఎవరైనా యంత్రం మాటకే తలూపుతారు. దాన్ని నియంత్రణ అనడం అన్యాయం.

యుద్ధ నియమాలు చెప్పే 1977 నాటి జెనీవా అదనపు ప్రోటోకాల్ 57వ అధికరణం ప్రకారం లక్ష్యాన్ని సరిచూసుకోవాలి, పొరపాటని తెలిస్తే దాడి ఆపేయాలి. అది నిజంగా జరగాలంటే ఆపరేటర్ తెర మీద లక్ష్యం చుట్టూ యంత్రం గీసిన ఎర్ర చట్రం ఒక్కటే ఉంటే కుదరదు. పక్కనే అసలు వీడియో, రెండో సెన్సర్ సమాచారం కూడా ఉండాలి. '92 శాతం' అని చూపితే, శిక్షణలో చూసిన బొమ్మలతో ఆ మేరకు పోలిక కుదిరిందనే అర్థం. ఆ మనిషి సైనికుడని కాదు. చేతులెత్తినవాణ్ని, గాయపడి పడిపోయినవాణ్ని కాల్చకూడదని అదే ప్రోటోకాల్ 41వ అధికరణం చెబుతుంది. ఆ తేడా పోల్చుకోవడంలోనే కెమెరాలు ఎక్కువగా తడబడతాయి. ఇక ఆపరేటర్‌తో కలిపే సిగ్నల్ జామ్ అయితే ఆయుధం దానంతటదే కాల్పులు మానేలా ముందే అమర్చి ఉండాలి. ఇది నా దృష్టిలో బేరానికి వీల్లేని షరతు.

ప్రశ్న: తప్పు జరిగితే బాధ్యులెవరు?

జవాబు: యంత్రం కాదు. బాధ్యతను యంత్రానికి బదలాయించరాదని 2019లో ఇలాంటి ఆయుధాలపై జెనీవాలో జరిగిన చర్చల్లో దేశాలు ఒప్పుకున్న మార్గదర్శక సూత్రాల్లోనే ఉంది. రంగంలోకి దింపిన కమాండర్, ఆ దేశం జవాబు చెప్పాలి. అందుకు సెన్సర్ రికార్డు, ఆపరేటర్ ఆదేశాలు, ఆ రోజు నడిచిన సాఫ్ట్‌వేర్ వెర్షన్ భద్రపరచాలి. కొత్త ఆయుధం చట్టబద్ధమో కాదో పరీక్షించాలని ఆ ప్రోటోకాల్‌లోనే 36వ అధికరణం అంటుంది. ఆ పరీక్ష ఒకసారితో సరిపోదు: లక్ష్యాన్ని గుర్తించే మోడల్ (సాఫ్ట్‌వేర్) మార్చిన ప్రతిసారీ అది మరో ఆయుధమే అనుకుని మళ్లీ చేయాలి.