కొత్తగా గ్రంథపాలకురాలైన బిడ్డకు: పాఠకుల మాట ఎట్లా వినాలంటే

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఫోన్‌లో చెప్పి ముగించే సంగతి కాదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. హైదరాబాద్‌లో శాఖా గ్రంథాలయంలో చేరి నిండా ఆరు నెలలు కాలేదు, అప్పుడే "వచ్చేవాళ్లు మన లైబ్రరీ గురించి ఏమనుకుంటున్నారో సేకరించి పంపండి" అని పైనుంచి కాగితం వచ్చిందన్నావు. బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు అని మూడు గళ్లు గీసి, వచ్చినవాళ్లతో టిక్కు పెట్టించి పంపుదామన్నది నీ ఆలోచన. అట్లా చెయ్యకు. ఫారం ఇచ్చేది నువ్వు, వాపసు తీసుకునేది నువ్వు, రేపు పొద్దున పుస్తకం అడగాల్సింది కూడా నిన్నే. నీ ముఖం చూస్తూ "బాగాలేదు" అని ఎవరు రాస్తారు? దాదాపు అందరూ మొదటి గడిలోనే టిక్కు పెడతారు. ఆ కాగితాల కట్ట పైకి పోతుంది, నీ హాల్లో ఒక్క కుర్చీ కూడా కదలదు.

"లైబ్రరీ ఎట్లా ఉంది?" అని ఎవరినీ అడగకు. ఇవ్వాళ దేనికోసం వచ్చారు, అది దొరికిందా, దొరక్కపోతే ఏం చేశారు అని అడుగు. "సూపర్ ఉంది మేడం" అన్న పిల్లవాడే ఈ మూడు ప్రశ్నలు వేసేసరికి అసలు సంగతి చెప్తాడు. తలుపు తీయకముందే వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు, బ్యాగు పెట్టి సీటు పట్టుకున్నాడు, పైన ఫ్యాను తిరగదు, మధ్యాహ్నం తినడానికి లేస్తే సీటు పోతుందని తినకుండా కూర్చున్నాడు. వాడు "సూపర్" అన్నది అబద్ధం కాదు. ఇంతకంటే మంచి చోటు వాడికి ఊళ్లో లేదు, అంతే. ఆ రెండూ కలిపి రాసుకుంటేనే వాడి అభిప్రాయం నీకు అందినట్టు.

మొదలుపెట్టే ముందు ఒక పూట చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చునిరా. పక్కనే అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు ఉద్యోగాలకు చదివే పిల్లలు జిల్లాలనుంచి వచ్చి హాస్టల్ గదుల్లో ముగ్గురు నలుగురు సర్దుకుని ఉంటారు. ఆ గదుల్లో మంచమే బల్ల. అందుకే హాలు నిండాక ఆవరణలో చెట్ల కింద కూడా చదువుతూ కనిపిస్తారు. చాలామంది పుస్తకాలు సొంతవే తెచ్చుకుంటారు, మన బీరువాల వైపు చూడరు. వాళ్ల దృష్టిలో గ్రంథాలయమంటే కుర్చీ, వెలుతురు, చార్జింగ్ ప్లగ్గు, తాగే నీళ్లు, శుభ్రంగా ఉండే టాయిలెట్. "వీళ్లు చదువరులు కారు, లైబ్రరీని హాస్టల్ చేశారు" అని మన సీనియర్లు కొందరు అంటారు, నువ్వూ వినే ఉంటావు. ఆ మాట నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. ఇంట్లో చదువుకునే చోటు లేని మనిషికి చోటివ్వడం కూడా గ్రంథాలయం పనే. అయితే బీరువాల వైపు ఎందుకు చూడరో అడుగు. 2014కు ముందు అచ్చయిన జనరల్ స్టడీస్ పుస్తకాలు వరసగా పెట్టుకుని కూర్చుంటే వాళ్లెందుకు చూస్తారు? వాటిలో తెలంగాణకు పది జిల్లాలే. 2016లో 31 అయినయి, 2019లో 33 అయినయి. తెలంగాణ ఉద్యమం మీద గ్రూప్స్‌లో ప్రత్యేకంగా ఒక పేపరే ఉంది. పాత ఎడిషన్ బీరువాలో ఉన్నా వాళ్లకు లేనట్టే. "పుస్తకాలు లేవు" అని ఒకరంటే "ఉన్నాయి కదా" అని రిజిస్టర్ చూపించకు. ఏ ఎడిషన్ కావాలో రాసుకో.

పేపర్లు చదివే పెద్దమనుషుల తీరు వేరు. వాళ్లు మాట్లాడటానికే వస్తారు కొంత, కాబట్టి అడగనవసరం లేదు, పక్కన నిలబడితే చాలు. పేపర్ ఆలస్యంగా వేస్తున్నారు, ఆదివారం అనుబంధం మాయమవుతోంది, స్టాండు మీద వెలుతురు చాలక చిన్న అక్షరాలు కనపడటం లేదు అంటారు. ఇవన్నీ నీ చేతిలో ఉన్న పనులు, ఆ వారంలోనే తీర్చు. పోటీ పరీక్షల పిల్లల మీద కూడా ఫిర్యాదు చేస్తారు, పిల్లలేమో పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడుకుంటారని అంటారు. ఏ పక్షానికీ తీర్పు చెప్పకు. పేపర్ల బల్ల వరండా వైపు జరిపి, హాలు లోపలి భాగం చదువుకునేవాళ్లకు వదిలితే సగం గొడవ అక్కడే పోతుంది.

అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం చూసిరమ్మని చెప్పడానికి వేరే కారణం ఉంది. 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలై, 1936నుంచి మూసీ ఒడ్డున ఆ పెద్ద భవనంలో ఉంది. అక్కడికి వచ్చేవాళ్లు రెండు రకాలు. భవనం చూసి ఫొటో తీసుకుని పోయేవాళ్లు ఒక రకం, ఒక పుస్తకం కోసం వచ్చేవాళ్లు ఇంకొక రకం. మొదటివాళ్ల పొగడ్త గోడలకు చెందుతుంది, ఆ గోడలు దానికి తగినవే. కానీ ఆ పొగడ్తను గ్రంథాలయం పనికి మార్కులుగా వేసుకోకూడదు. చీటీ రాసిచ్చాక పుస్తకం ఎంతసేపటికి చేతికొచ్చిందో రెండో రకంవాళ్లను అడగాలి. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పితామహుడైన రంగనాథన్ గారు 1931లో ప్రచురించిన ఐదు సూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం ఆదా చెయ్యమని. చదువుకునే రోజుల్లో బట్టీ పట్టి ఉంటావు, ఇప్పుడు గడియారం పెట్టి చూసుకో.

అక్కడే ఇంకొకటి గమనిస్తావు. ఉర్దూ, ఫారసీ, అరబీ, తెలుగు, మరాఠీ, కన్నడ, ఇంగ్లిష్ పుస్తకాలన్నీ ఒకే కప్పు కింద ఉన్న చోటు అది. ఉర్దూ చదివే పెద్దాయనకు తెలుగు ఫారం ఇస్తే మర్యాదకు సంతకం పెట్టి ఇచ్చేస్తాడు. నీ శాఖకు పక్క బస్తీ నుంచి ఉర్దూ పాఠకులు వస్తారు కదా, వాళ్లను వాళ్ల భాషలోనే అడుగు. నీకు వచ్చిన హైదరాబాదీ హిందీ చాలు. "ఉర్దూ పత్రిక ఒక్కటే వస్తుంది, అదీ రోజూ రాదు" అన్న మాట తెలుగు ఫారంలో ఎప్పటికీ దొరకదు.

ఇప్పటిదాకా చెప్పింది వచ్చేవాళ్ల గురించి. రానివాళ్ల మాట ఇంతకంటే ముఖ్యం, దాన్ని ఎవరూ సేకరించరు. ముఖ్యంగా ఆడవాళ్లు. సాయంత్రం నీ హాల్లో ఉన్నవాళ్లను చూడు, ఆడవాళ్లు ఎంతమంది? చదివే ఆడవాళ్లు మీ బస్తీలో లేక కాదు. టైలరింగ్ షాపులో, బడి గేటు దగ్గర, అంగన్‌వాడీలో, మహిళా సంఘం మీటింగ్‌లో పోయి అడుగు. చాలా శాఖలు పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరిచి మధ్యలో మూసేస్తాయి. పొద్దున వంట, బడి టిఫిన్లు. సాయంత్రం మళ్లీ వంట, పిల్లల హోంవర్కు. ఇంట్లో కాస్త ఊపిరి తిరిగే సమయం మధ్యాహ్నం, అప్పుడు మనం తాళం వేసుకుంటాం. ఇంకొక కారణం వాళ్లు నీకు మాత్రమే చెప్తారు, మగవాళ్లకు చెప్పరు. టాయిలెట్ లేదు, లేదా ఉంది కానీ తాళం అటెండర్ దగ్గర, అడగాలంటే సిగ్గు. మెట్ల మీద మగపిల్లలు గుంపుగా కూర్చుంటే వాళ్ల మధ్యనుంచి దాటిపోవాలి. ఇవి ఏ ఫారంలోనూ రావు. టాయిలెట్ తాళంచెవి అటెండర్ దగ్గర్నుంచి తీసి, లోపలి వైపు గడియ పెట్టించి, తలుపు మీద "స్త్రీలకు" అని రాయించు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మధ్యాహ్నం తెరవాలంటే మాత్రం పైనుంచి ఉత్తర్వు కావాలి. ఆ మాట చెప్పిన ఆడవాళ్లు ఎంతమందో, ఎక్కడివాళ్లో కలిపి రాస్తే నీ వినతికి బలం వస్తుంది.

వచ్చి మానేసినవాళ్లు కూడా ఉంటారు. సభ్యత్వ రిజిస్టర్ తీసి, రెండేళ్ల కింద వరసగా పుస్తకాలు తీసుకెళ్లి తర్వాత ఆగిపోయినవాళ్లను చూడు. ఇల్లు మారినవాళ్లను వదిలేస్తే, మిగిలినవాళ్లు ఏదో ఒక కారణంతో మానేసినవాళ్లే. ఫోన్ చెయ్యి. "డిపాజిట్ వాపసు కావాలా?" అనే ధోరణి లేకుండా, "మీరు రావడం లేదు, ఏమైంది?" అని అడుగు. ఒకరు కొత్త నవలలు రావడం లేదంటారు. ఇంకొకరు ఆలస్య రుసుము విషయంలో ఎవరో విసుక్కున్నారని చెప్తారు. ఆ "ఎవరో" నీ కింద పనిచేసే మనిషి అయితే, ఫిర్యాదు చేసినవాళ్ల పేరు ఆ మనిషికి ఎప్పుడూ చెప్పకు. ఒక్కసారి పేరు బయటపడితే ఆ వీధినుంచి ఇంకెవరూ నోరు విప్పరు.

నోటితో చెప్పని అభిప్రాయం ఒకటి పుస్తకం వెనక అతికించిన గడువు చీటీ మీద ఉంటుంది. తేదీ ముద్రలు దట్టంగా పడ్డ పుస్తకాలు ఏవి, ఒక్క ముద్రా పడనివి ఏవి, బీరువా వారీగా చూసుకో. ముద్ర పడని బీరువాకు చాలాసార్లు తాళం ఉంటుంది. పుస్తకం పోతే జీతంలోంచి కోస్తారన్న భయంతో మనవాళ్లు తాళాలు వేస్తారు. ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల్లో కూడా, ఏడాదిలో ఇచ్చిన లేదా చదివిన ప్రతి 1000 సంపుటాలకు 5 పోవడం సహజమైన నష్టమే అని రాసి ఉంది, అందులో నిర్లక్ష్యం గానీ మోసం గానీ లేకపోతే. మన గ్రంథాలయ సంస్థకు ఆ నియమం నేరుగా వర్తించకపోయినా, తాళం తీయమని అడిగేటప్పుడు చూపించడానికి పనికొస్తుంది. పుస్తకం చేత్తో తీసి చూడలేనప్పుడు దాని మీద ఎవరికైనా అభిప్రాయం ఎక్కడినుంచి వస్తుంది?

నీ బల్ల మీద ఒక నోటుబుక్కు పెట్టుకో. అడిగితే మన దగ్గర లేని పుస్తకం పేరు, అడిగిన తేదీ, అడిగింది విద్యార్థా, గృహిణా, రిటైరైన మనిషా, అంతే రాయి. నేను చూసినంతలో దీనికంటే నిజమైన అభిప్రాయ సేకరణ లేదు. పుస్తకాల కొనుగోలు జాబితా అడిగినప్పుడు కమిటీ ముందు ఆ నోటుబుక్కే తెరిచిపెట్టు. గూగుల్ మ్యాప్స్‌లో ఇచ్చే స్టార్లు కూడా చూడు, తప్పులేదు. పార్కింగ్ లేదని ఒక స్టార్, ప్రశాంతంగా ఉందని ఐదు స్టార్లు ఇచ్చే మనుషులు అక్కడ ఉంటారు. స్టార్ల సగటు పక్కనపెట్టి, కింద రాసిన వాక్యాలు చదువు.

సలహాల పెట్టె పెడితే శనివారం శనివారం తప్పకుండా తెరువు. జవాబు బోర్డు మీద రాయి. ఫ్యాను బాగుచేయించాం, ఫలానా పత్రిక వచ్చే నెలనుంచి వస్తుంది, కొత్త గది సంగతి నగర గ్రంథాలయ సంస్థకు రాశాం, ఫలానా తేదీన. కానిదాన్ని కాదనే రాయి. అడిగినదానికి జవాబు కనిపిస్తే జనం రెండోసారి అడుగుతారు. కనిపించకపోతే ఆ పెట్టెలో మిఠాయి కాగితాలు పడతాయి.

ఇంకొక సంగతి వాళ్లకు నువ్వే చెప్పాలి. 1960 గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా వసూలవుతుంది. వసూలు చేసిన స్థానిక సంస్థలు ఆ డబ్బును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో ఇవ్వకపోవడం పాత గోడు, ఈ రోజుకూ తీరలేదు. అద్దె కట్టే మనిషి కూడా ఆ 8 పైసలు అద్దెలో కలిపి కడుతున్నట్టే. చాలామంది లైబ్రరీని ఉచితంగా దొరికిన దయ అనుకుంటారు, అందుకే నోరు తెరిచి అడగరు. తాము కట్టిన డబ్బుతో నడుస్తుందని తెలిసిన రోజున అడిగే గొంతు మారుతుంది. నీ నోటీసు బోర్డులో ఆ ఒక్క వాక్యం రాసి పెట్టు.

పైకి పంపే నివేదికలో అందరి మాటా కలిపి సగటు తీయకు. విద్యార్థులు చెప్పింది విద్యార్థుల కింద, పేపర్ చదివేవాళ్లు చెప్పింది వాళ్ల కింద, ఆడవాళ్లు చెప్పింది వాళ్ల కింద, వాళ్ల మాటల్లోనే రాయి. యాభైమంది కుర్చీలు చాలవంటే, ఇద్దరు ఆడవాళ్లు టాయిలెట్ లేదంటే, ఆ ఇద్దరి మాట చిన్నదైపోదు. టాయిలెట్ లేకనే మిగతా ఆడవాళ్లు లెక్కలోకి రాలేదని పక్కన రాయి. ప్రతి మాట ఎదురుగా నీ చేతిలో అయ్యేది, సంస్థ చెయ్యాల్సింది, ప్రభుత్వం చెయ్యాల్సింది అని గుర్తు పెట్టు. అట్లా వేరుచేసి ఇస్తే చదివే అధికారికి ఎక్కడ సంతకం పెట్టాలో తెలుస్తుంది.

పిల్లల్ని మాటలతో అడగకు, చెప్పలేరు. "నీకు ఇష్టమైన చోటు చూపించు, ఇష్టంలేని చోటు చూపించు" అని చెయ్యి పట్టుకుని వెంట నడువు. ఏ బీరువా తమ ఎత్తుకు అందదో, ఏ మూల చీకటిగా ఉంటుందో వాళ్లే తీసుకుపోయి చూపిస్తారు. నవంబర్ 14నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు కదా, వ్యాసరచన పోటీలతో పాటు ఇది కూడా ఒకరోజు పెట్టుకో. వేదిక మీద పెద్దలు చెప్పే మాటలు మాత్రం నీ అభిప్రాయ సేకరణలో కలపకు.

నోటుబుక్కు మొదటి పేజీ నిండగానే ఫొటో తీసి పంపు. అందులో ఉన్న పుస్తకాల్లో నా దగ్గరున్నవి మూటగట్టి పంపిస్తాను. విరాళంగా అక్సెషన్ రిజిస్టర్‌లో, అంటే వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరుతో నమోదు చేసే పుస్తకంలో, ఎక్కించుకుని, నంబర్ వేసి, తాళం లేని బీరువాలో పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ